జీరో టికెట్ మీద దున్నపోతు

వాదించుకున్నది ఇద్దరు. సత్యం గారు ఖమ్మం డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన మేనకోడలు సుజాత హైదరాబాదులో మొబైల్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఆటలో ఏ వస్తువుకి ఎంత ధర పెట్టాలి, నాణేలు ఎప్పుడు ఎన్ని చేతికి రావాలి అని లెక్కలు కట్టడం ఆమె ఉద్యోగం. తగువంతా ఆయన ఫోన్లో ఉన్న ‘బురిటో బైసన్: లాంచా లిబ్రే’ గురించి. కెనడాలోని మాంట్రియల్‌లో జ్యూసీ బీస్ట్ అనే చిన్న సంస్థ చేసిన ఆట అది, ఫోన్లలోకి 2017లో వచ్చింది. దించుకోవడానికి డబ్బక్కర్లేదు. కావాలనుకున్నవాళ్ళు కొనుక్కోవడానికి మాత్రం లోపల దుకాణం ఉంది. నేను పక్కింటివాణ్ణి, టీ తాగుదామని వచ్చి మధ్యలో ఇరుక్కున్నాను. బ్రాకెట్లలో ఉన్న మాటలు నావి.

సుజాత: ఇంకా ఆ దున్నపోతునే విసురుతున్నారా మామయ్యా?

సత్యం: విసరడం అంత తేలికనుకుంటున్నావా? ఇటు రా, చూడు. ఇది కుస్తీ రింగు. ముసుగేసుకున్న దున్నపోతే మనవాడు. వెనక తాళ్ళకి ఆనుకుని సాగుతాడు. ఇదిగో ఈ ముల్లు అటూ ఇటూ ఊగుతోందా, సరిగ్గా ఇక్కడికొచ్చినప్పుడు వేలు పెడితే ఎదురుగా ఉన్నవాణ్ణి గుద్దేసి రింగు దాటి ఎగిరిపోతాడు. కింద దారి పొడుగునా జెల్లీ బొమ్మలు పరిగెడుతుంటాయి. వాటి మీద పడ్డాడా, మళ్ళీ లేస్తాడు. ఉత్త నేల మీద పడ్డాడా, వేగం చచ్చిపోతుంది. ఈ రాకెట్‌ని మాత్రం కంగారుపడి వాడెయ్యకూడదు. జెల్లీల్ని నలిపేకొద్దీ ఇది నిండుతుంది. ఇక నేలకి తగులుతాడనగా, కింద గుంపు కనపడగానే నొక్కాలి. దభీమని దిగి మళ్ళీ పైకి లేస్తాడు. మా మనవడికి ఎన్నిసార్లు చెప్పినా ముందే నొక్కేస్తాడు.

సుజాత: ఆట బాగోదని నేనెప్పుడన్నాను? మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఇలాంటివే చూపించి నేర్పిస్తాం. మీరు ఉచితం ఉచితం అంటున్నారే, అక్కడే నా పేచీ.

సత్యం: ఉచితం కాక మరేంటి? నా కార్డు నంబరు వాడికి తెలీదు. యూపీఐ కలపలేదు. ఒక్క పైసా ఇవ్వలేదు.

సుజాత: సర్వీసు చివర్లో మీరు ఆడవాళ్ళకి జీరో టికెట్లు కొట్టారు కదా?

సత్యం: 2023 డిసెంబరు 9 నుంచి. మహాలక్ష్మి పథకం, ఆడవాళ్ళకి బస్సు ఉచితం. చేతులు నొప్పెట్టేలా కొట్టాను.

సుజాత: డబ్బు తీసుకోనప్పుడు టికెట్ దేనికి? ఊరికే ఎక్కించుకుంటే పోయేదిగా?

సత్యం: భలేదానివే. ఎంతమంది ఎక్కారు, ఎక్కడ్నుంచి ఎక్కడికెళ్ళారు అనే లెక్క లేకపోతే ప్రభుత్వం సంస్థకి డబ్బు ఏ ప్రకారం ఇస్తుంది? ఆవిడ చేతిలో సున్నా. మాకు మాత్రం అది చార్జీ టికెట్టే. అందుకే జీరో టికెట్ తీసుకోకుండా కూర్చుంటే మేం ఊరుకునేవాళ్ళం కాదు.

సుజాత: మీ దున్నపోతు బండి కూడా అలాగే నడుస్తోంది. మీరు విసిరిన ప్రతి విసురూ ఎక్కడో లెక్కలోకి వెళ్తుంది. కాకపోతే డబ్బు కట్టేది ప్రభుత్వం కాదు. కొంత ప్రకటనల కంపెనీలు కడతాయి. మిగతాది మీలాగే ఆడే మనుషులు. అందరూ కాదు, వందలో అతి కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనూ ఇంకా కొద్దిమందే పెద్ద బరువు మోస్తారు. మా వృత్తిలో వాళ్ళని తిమింగలాలంటారు.

సత్యం: ఉన్నవాడు పెడతాడు, లేనివాడు ఆడుకుంటాడు. ఇందులో నీకు కనపడిన పాపమేంటి బిడ్డా? ఎనిమిది వేల ఫోనున్న పిల్లాడూ లక్ష రూపాయల ఫోనున్న పిల్లాడూ ఒకే ఆట ఆడుతున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?

సుజాత: ఉన్నవాడే పెడతాడని మీకెవరు చెప్పారు? ఆగలేనివాడు పెడతాడు. మా కంప్యూటర్లో వాడి జీతం కనపడదు మామయ్యా, వాడి ఖర్చే కనపడుతుంది. నెలకి పది వేలు పెట్టినవాడు బంజారాహిల్స్‌లో ఉంటాడో, హాస్టల్లో అప్పు చేసి పెడుతున్నాడో మాకు తేడా తెలీదు. తెలుసుకోమని అడిగేవాళ్ళూ లేరు.

(ఇక్కడ సత్యం గారు ఫోన్ బోర్లా పెట్టి టీ అందుకున్నారు. ఓడిపోయారనుకున్నాను. కాదు, ఇంకో దారి వెతుకుతున్నారు.)

సత్యం: మా పెద్దాడు ఇంటర్ చదివేటప్పుడు నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఇలాంటి ఆటలే ఆడేవాడు. కాలేజీ ఎగ్గొట్టి మరీ. అప్పుడు నెట్ సెంటర్ వాడికి కట్టాడు. ఇప్పుడు నేను ఎవరికీ కట్టడం లేదు. ఇది మెరుగు కాదా?

సుజాత: అప్పుడు బావ ఆడినవాటిలో పెంగ్విన్‌ని యతి కర్రతో కొట్టేది ఒకటి ఉండేది. 2004లో ఆస్ట్రియాలో చేశారు. కొట్టాలి, ఎంత దూరం పోయిందో చూసుకోవాలి, అంతే. కొనడానికేమీ లేదు. తర్వాత 2009లో ‘లెర్న్ టు ఫ్లై’ వచ్చింది. పెంగ్విన్లు ఎగరలేవని చదివి పౌరుషం వచ్చిన పెంగ్విన్ కథ. దాంట్లో ఎగిరిన దూరానికి డబ్బిస్తారు. ఆ డబ్బుతో దుకాణంలో రెక్కలు, రాకెట్లు కొనాలి. వాటితో ఇంకా దూరం, ఇంకా డబ్బు. మీ దున్నపోతు మొదటి ఆట 2011లో వచ్చింది. దాని పద్ధతీ అదే. విసురు, సంపాదించు, కొను, మళ్ళీ విసురు.

సత్యం: అప్పుడు కొన్నదంతా దొంగ డబ్బుతోనేగా. ఆటలో డబ్బు.

సుజాత: అదే చెప్తున్నా. దుకాణం ఉంది, గల్లాపెట్టె లేదు. 2009 అక్టోబరులో ఆపిల్ వాళ్ళు ఉచిత యాప్‌ల లోపల కూడా అమ్ముకోవచ్చన్నారు. 2011లో గూగుల్ కూడా ఆ సౌకర్యం ఇచ్చింది. కంప్యూటర్లో ఈ చిన్న ఆటలన్నిటినీ మోసిన ఫ్లాష్ పలచబడుతూ వచ్చి, 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు కూడా ఆగిపోయింది. ఆటలు చేసేవాళ్ళు బతకాలంటే ఫోన్లలోకి రావాలి. మిగతా రకం ఆటల్లో దుకాణాన్ని కొత్తగా ఇరికించాల్సి వచ్చింది, ఆడేవాళ్ళు గోల కూడా పెట్టారు. విసురుడు ఆటల్లో ఆ బాధ లేదు. దుకాణం ముందే ఉంది, అలవాటూ ముందే ఉంది. గల్లాపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

సత్యం: పెడితే పెట్టారు. నేను దాని వైపు చూడను.

సుజాత: చూసేలా చెయ్యడమే నా ఉద్యోగం. ఊరికే ఉదాహరణకి చెప్తాను, వినండి. మొదటి విసురుకి మీకు 60 నాణేలు వచ్చాయి. మొదటి వస్తువు ధర 100. రెండు విసుర్లలో కొనేస్తారు, సంబరం. తర్వాతది 300, మీ సంపాదన 150కి పెరిగింది. ఇంకా హాయిగానే ఉంది. ఇలా పోగా పోగా ఒకచోట మీకు విసురుకి 3,000 వస్తోంది, కావలసిన రాకెట్ 60,000. అంటే ఇరవై విసుర్లు. ఎదురుగా పెద్ద తలుపు, ఆ రాకెట్ లేందే విరగదు. రాత్రి పదకొండు. అత్తయ్య లైటు తీసెయ్యమంటోంది. సరిగ్గా అప్పుడు తెర మీద ఒక బటన్ మెరుస్తుంది: 89 రూపాయలకి నాణేల సంచీ. ఆ 60,000 అనే అంకె ఆకాశంలోంచి పడలేదు. నాలాంటిదెవరో కూర్చుని వేసింది.

సత్యం: ఇరవై విసుర్లా? నాకది పండగ. తలుపు విరగ్గొట్టడానికి ఆడేవాడు నీ సంచీ కొంటాడు. నేను విసరడానికి ఆడతాను. సరే, నన్నొదిలెయ్. ఆ ఫ్లాష్ ఆటల్లో కూడా ధరలు పెరుగుతూనే పోయేవి కదా? మావాడు ఒక్క రాకెట్ కోసం మధ్యాహ్నమంతా కూర్చోవడం నేను చూశాను. అప్పుడు నీ బటన్ లేదు. మరి ఆ అంకె ఎవరు వేశారు, దేనికి వేశారు?

(దీనికి సుజాత దగ్గర వెంటనే జవాబు లేదు. కండక్టరు అడగాల్సిన చోట అడిగాడు.)

సుజాత: ఒప్పుకుంటున్నా. ఆ నెమ్మది లేకపోతే ఈ ఆటే లేదు. మొదటి రోజే అన్నీ చేతికొస్తే గంటలో అయిపోతుంది, మళ్ళీ ఎవరూ తెరవరు. ఎదురుచూసి కొన్న రాకెట్‌కే రుచి. నేననేది వేరే. ఇరవై పెట్టాలా, ముప్ఫై పెట్టాలా అని లెక్క వేసేటప్పుడు ఆడేవాడికి ఎక్కడ విసుగొస్తుందో మాకు తెలుస్తుంది. ఎంతమంది ఎక్కడ మానేశారో రోజూ చూస్తాం. అది చూసి, ఆ విసుగు రాకముందే రాకెట్ చేతికిచ్చేవాళ్ళు కొందరు. అది చూసే, ఆ విసుగు దగ్గర బటన్ పెట్టేవాళ్ళు కొందరు. రెండూ అవే లెక్కలు.

సత్యం: నా దున్నపోతు ఏ బాపతు?

సుజాత: మొదటి బాపతుకి దగ్గర. డబ్బు పెట్టకుండా చివరిదాకా పోవచ్చు. అందుకే మీతో ఇంత ఓపిగ్గా మాట్లాడుతున్నాను. వేరే కొన్ని ఆటలైతే ఈపాటికి ఫోన్ లాక్కునేదాన్ని.

సత్యం: ప్రకటనల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకుందాం. చాలా ఆటల్లో ప్రకటన నేను అడిగితేనే వస్తుంది. ఇది చూస్తావా, చూస్తే బహుమానం ఇస్తా అంటాడు. ఇష్టమైతే చూస్తా, లేకపోతే లేదు. టీవీ సీరియల్ వాడు నన్ను అడిగి వేస్తున్నాడా?

సుజాత: ఆ అరనిమిషంలో మీరు చూసేదేంటి?

సత్యం: ఎక్కువగా ఇంకో ఆట. ఎవడో రాజుని నీళ్ళలో ముంచుతుంటారు, బుర్ర లేనివాడెవడో తప్పు తాడు లాగుతుంటాడు.

సుజాత: ఆ ఆట మిమ్మల్ని ఈ ఆట దగ్గర కొంటోంది. ఎందుకు కొంటుంది? కొన్న వందమందిలో ఒక తిమింగలం దొరికినా ఆ ఖర్చు గిట్టుతుందని. మీరు పైసా ఖర్చు పెట్టకపోయినా సరే, అక్కడికి మీ అరనిమిషం అమ్ముడుపోయింది.

సత్యం: అరనిమిషం పోతే పోయింది, నాకు టైముకేం తక్కువ? ఒక్క విషయం మాత్రం ఒళ్ళు మండుతుంది. ప్రకటన అయిపోయాక మూల మీద మూసే గుర్తు పెడతాడు చూడు, కనపడీ కనపడకుండా. కళ్ళద్దాలు పెట్టుకుని, చిటికెన వేలితో నొక్కినా ప్లే స్టోర్లోకి లాక్కుపోతాడు. వెనక్కొస్తే ఇంకో గుర్తు, ఇంకో మూల.

సుజాత: అది పొరపాటు కాదు, అలా గీయడానికి మనుషులున్నారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి మాయల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడు రకాలు లెక్కపెట్టారు. ఇంకా తొమ్మిది నిమిషాలే ఉందని గడియారం తిప్పడం, అదే ఆఫరు మర్నాడు మళ్ళీ పెట్టడం ఉందే, ఆ లేని తొందర పెట్టడం మొట్టమొదటిది. వద్దన్నా పదేపదే అడిగి విసిగించడం కూడా ఉంది ఆ జాబితాలో.

సత్యం: జాబితా ఉంది సరే. ఆ గడియారం నిన్న కూడా తిరిగింది.

సుజాత: తిరుగుతుంది. ఎవరైనా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడితేగా? తొమ్మిది నిమిషాలు పోయాక మనం మర్చిపోతాం.

సత్యం: నువ్వు ఇంత చెప్తున్నావు గానీ, దీన్ని రమ్మీతో కలిపి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు కోపం. మా డిపోలో ఒకాయన ఫోన్ రమ్మీలో పీఎఫ్ లోను మొత్తం ఊడ్చిపెట్టాడు. తెలంగాణలో 2017లోనే నిషేధం వచ్చింది, అయినా ఏవో దొంగదారులు పట్టి ఆడాడు. ఆ మనిషి ముఖం నేను చూశాను. నా దున్నపోతుకీ దానికీ సంబంధం ఏమైనా ఉందా?

సుజాత: లేదు. అక్కడ నేను మీవైపే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఆ గీతే గీసింది. డబ్బు పెట్టి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడేవి నిషేధం. సరదా ఆటలు, ఈ-స్పోర్ట్స్ వేరే. మీ ఆటలో పెట్టిన డబ్బు తిరిగొస్తుందని ఎవరూ అనరు. పోతుందని తెలిసే పెడతారు. మధ్యలో ఒక సందు ఉంది, అది చూసుకోవాలి. లోపల ఏముందో చెప్పకుండా పెట్టె అమ్ముతారు కొన్ని ఆటల్లో. డబ్బు కట్టి తెరవాలి, మంచిదొస్తే మంచిది, చెత్తొస్తే చెత్త. బెల్జియం 2018లో వాటిని జూదమే అంది. ఆపిల్ 2017 చివర్లో, అలాంటివి అమ్మితే ఏ వస్తువు ఎంత శాతం వస్తుందో కొనేముందే చెప్పాలని నియమం పెట్టింది. మన దగ్గర ఆ పెట్టెల మీద అంత సూటిగా మాట్లాడిన చట్టం నాకు కనపడలేదు.

సత్యం: పిల్లల సంగతేంటి? మా మనవడు వస్తే ముందు నా ఫోన్ కోసమే వస్తాడు.

సుజాత: అమెరికాలో దీని మీద పెద్ద గొడవే అయింది. తల్లి ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి ఏదో కొంటే, ఆపిల్ ఫోన్లలో పదిహేను నిమిషాల దాకా మళ్ళీ అడిగేది కాదు, గూగుల్‌లో అరగంట. ఆ కాసేపట్లో పిల్లలు నొక్కుకుంటూ పోయారు. 2014లో అక్కడి ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకున్నాయి. మనకి యూపీఐ పిన్ కొంత అడ్డు. కానీ రీడీమ్ కోడ్ కొని ప్లే బ్యాలెన్స్ నింపి పెట్టారనుకోండి, ఆ డబ్బు వాడేటప్పుడు బ్యాంకు పిన్ ప్రశ్నే రాదు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ ధ్రువీకరణ అడగమని పెట్టాలి. ఇటివ్వండి, నేను పెడతా.

(పెట్టింది. నాది కూడా ఇచ్చాను. నాది అసలు అడగకుండా ఉంది.)

సుజాత: ఇప్పుడు అసలు విషయం. ఈ దున్నపోతు మీకు ఎన్నాళ్ళుగా తోడు?

సత్యం: రిటైరైనప్పట్నుంచి.

సుజాత: అయితే ఒక్కసారి డబ్బు పెట్టండి.

సత్యం: ఏంటీ?

సుజాత: నాణేల సంచీ కాదు. అది రెండు రోజుల్లో అయిపోతుంది, మళ్ళీ అడుగుతుంది. అలాంటిది ఎప్పుడూ కొనకండి. ఏ ఆటలోనైనా ఒక్కసారి కొంటే ఎప్పటికీ ఉండిపోయేవి చూడండి. ప్రకటనలు తీసేసేదో, ఇంకోటో. అది ఆటకి ధర కట్టినట్టు. మీరు ఇచ్చిన వందలో దుకాణం నడిపే ఆపిల్, గూగుల్‌లకి పదిహేనో ముప్ఫయ్యో పోయినా, మిగతాది చేసినవాళ్ళకి చేరుతుంది. మీలాంటివాళ్ళు పదివేలమంది తలా వంద ఇస్తే, మా దగ్గర ఎవరూ ఆ ఆగలేనివాడి కోసం వల పన్నక్కర్లేదు. మీరు పైసా పెట్టనని గొప్పగా చెప్పుకుంటున్నారే, మీ వంతు కూడా వాడి దగ్గరే వసూలు చేస్తున్నాం.

సత్యం: ఇంతసేపూ కొనడం తప్పని వాదించి, చివరికి నా చేతే కొనిపిస్తున్నావా? జీరో టికెట్ ఇచ్చినావిడని దిగేటప్పుడు చార్జీ అడిగితే ఏమంటుందో తెలుసా? నాకొచ్చేది ఈపీఎస్ పెన్షన్. ఎంతో చెప్తే నువ్వే నాకు వంద ఇచ్చి వెళ్తావు.

సుజాత: మీ చేత కాకపోతే నేను కడతా.

సత్యం: నువ్వు కడితే నా ఆట నాకు నచ్చదు. ఇరవై విసుర్లూ నేనే విసరాలి. అయినా నీ కంపెనీ వాళ్ళు ధర్మంగా ధర పెట్టకపోతే, దాన్ని సరిచెయ్యాల్సింది పెన్షన్‌దారుడా? వెళ్ళి నీ లెక్కల కాగితం మీద ముప్ఫై ఉన్నచోట ఇరవై రాయి.

(అక్కడితో వాదన ఆగింది. ఆయన పెట్టలేదు, ఆమె మళ్ళీ అడగలేదు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఆట విషయంలో సత్యం గారిదే న్యాయం. ఆ నెమ్మది ఆటలో భాగం, డబ్బు రాకముందు నుంచీ ఉంది, దాన్ని ఓపిగ్గా ఆడేవాణ్ణి తప్పుపట్టలేం. ఉచితం విషయంలో మాత్రం సుజాతదే పైచేయి. ఆగలేనివాడి జీతం వాళ్ళ కంప్యూటర్లో కనపడదన్న మాటకి ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

వెళ్ళేముందు ఆమె నాకు ఒకటి చూపించింది. ప్లే స్టోర్‌లో ఏ ఆట పేజీలోనైనా ‘ఈ యాప్ గురించి’ నొక్కి కిందికి వెళ్తే, యాప్‌లో కొనుగోళ్ళు ఒక్కో ఐటెమ్‌కు ఎన్ని రూపాయల నుంచి ఎన్ని రూపాయల దాకా ఉన్నాయో రాసి ఉంటుంది. మొదటి అంకె అందరి కోసం, రెండోది తిమింగలాల కోసం అంది. పిల్లలకి ఆట దించి ఇచ్చే ముందు ఆ రెండో అంకె చదవండి. వేలల్లో ఉంటే ఇంకో ఆట వెతకండి.)